సగం సాక్ష్యం

దళితులు ఆత్మకథ చెప్పుకోవడం ఈమధ్యే నేర్చుకున్నారని మన సాహిత్య చరిత్రకారులు రాస్తుంటారు. మరాఠీ దళిత ఆత్మకథలు అనువాదమై వచ్చాక, 1990ల్లో తెలుగు దళిత కవిత్వం గొంతెత్తాక, ఆ గాలి సోకి మనమూ మొదలుపెట్టామని వాళ్ల లెక్క. ఈ లెక్క తప్పు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో అక్షరం ముక్క రాని ఆడవాళ్లు నాలుగు తరాల నుంచీ పదిమంది ముందు లేచి నిలబడి 'నా బతుకు ఇట్లా నడిచింది' అని చెప్తూనే ఉన్నారు. దానికి వాళ్ల పేరు సాక్ష్యం. ఆదివారం ఆరాధనలో, ఉపవాస కూడికలో, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొంగు తలమీదికి లాక్కుని లేస్తారు. పుట్టుక, పేదరికం, పెళ్లి, మొగుడి తాగుడు, పోయిన బిడ్డ, వచ్చిన రోగం, చేసిన ప్రార్థన, దొరికిన నెమ్మది. వరస తప్పకుండా చెప్తారు. వినేవాళ్లు మధ్యమధ్యలో 'స్తోత్రం' అంటారు. ఇది ఆత్మకథ కాకపోతే మరేంది?

దీన్ని సాహిత్యమని ఎవరూ అనలేదు. అగ్రవర్ణ విమర్శకుడికి అది పరాయి మతం గొడవ. మార్క్సిస్టు విమర్శకుడు మతం మత్తుమందని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మన అంబేద్కరిస్టు మిత్రులకేమో అది చాటున ఉంచాల్సిన ఇంటి సంగతి. ముగ్గురూ మూడు దారుల్లో వచ్చి ఒకే చోట ఆగారు. లేచి నిలబడిన ఆ ఆడమనిషి ఏం చెప్తోందో ఎవరూ వినలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది రెండు మాటలు. సంఘం మావాళ్లతో చెప్పించిన సాక్ష్యంలో ఊరు లేదు. ఉద్యమం మావాళ్లతో రాయించిన సాహిత్యంలో రాత్రి లేదు. ఊరంటే కొట్టిన చెయ్యి, తిట్టిన నోరు, ముట్టనియ్యని నీళ్లు. రాత్రంటే దెబ్బ తిన్న మనిషి ఇంటికొచ్చి చాప మీద పడుకున్నాక లోపల జరిగేది. ఒకచోట గాయం మానిందని చెప్తారు, గాయం ఎవరు చేశారో చెప్పరు. ఇంకోచోట గాయం ఎవరు చేశారో చెప్తారు, ఆ గాయంతో మనిషి ఎట్లా బతికాడో చెప్పరు. రెండూ సగం సాక్ష్యాలే. దళిత క్రైస్తవుల మనసు గాయం గురించి, అది మానడం గురించి మాట్లాడాలంటే ఈ రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

*

మాది చంద్రగిరి పక్క పల్లె. చంద్రగిరి అనగానే కోట, రాజమహల్, విజయనగర రాజుల చివరి రోజులు గుర్తుకొస్తాయి. కోట గోడలకు రాళ్లు మోసినవాళ్ల పల్లెలు మాత్రం చరిత్రలో ఉండవు. పైన ఏడుకొండలు. శ్రీనివాసమంగాపురం దాటితే శ్రీవారి మెట్టు. రోగం కుదరాలని, బిడ్డ బతకాలని మొక్కుకుని ఎక్కడెక్కడి జనమో ఆ మెట్లెక్కి పోతారు. ఆ దారి పక్కనే ఉన్న మా పల్లె జనం తమ రోగానికి, తమ దిగులుకు వేరే తలుపు తట్టారు. ఎందుకు తట్టారని అడగాలి గదా. బియ్యం కోసమని, గోధుమరవ్వ కోసమని ఎగతాళి చేసేవాళ్లకు జవాబు చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడు. కరువు తెరిపిచ్చాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అంతకుముందే వాళ్లలో యెర్రగుంట్ల పేరయ్యలాంటి యోగ సాధకులు ఉన్నారు, లోపలి శాంతి కోసం వెతికినవాళ్లున్నారు. క్రైస్తవులయ్యాక చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, ఆదివారం వెట్టి చెయ్యమన్నారు, ఊరి జాతరకు డప్పు కొట్టమన్నారు. ఊరు ఊరుకోలేదు, తన్నింది. తన్నులు తిన్నా వాళ్లు వెనక్కి పోలేదు. కడుపు కోసం పోయినవాళ్లు అట్లా నిలబడరు.

మా వైపుకు ఆ మాట రెండు దారుల్లో వచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనరీలు 1860ల్లో సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు మొదలుపెట్టి తిరుపతి, శ్రీకాళహస్తి దాకా వచ్చారు. ఆ పని నుంచి పుట్టిందే తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘం. చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికా ఆర్కాటు మిషన్ పనిచేసింది. మాటతోపాటు మందు కూడా వచ్చింది. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం పెరిగి పెరిగి రాయవేలూరు ఆస్పత్రి అయింది. ఇప్పటికీ మా జిల్లాలో పెద్ద రోగమొస్తే 'రాయవేలూరికి ఎత్తకపోండి' అనే అంటారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910ల్లో పలు మిషన్లు కలిసి క్షయ ఆస్పత్రి పెట్టాయి. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నిలబెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి మన విమర్శకులు పట్టించుకోలేదు. నాడి చూడాలంటే చెయ్యి పట్టుకోవాలి. గుండె చూడాలంటే ఎదమీద చెయ్యి పెట్టాలి. ఊళ్లోవాడు ఎడంగా నిలబడి కూలి డబ్బులు కిందికి విసిరే కాలంలో, చదువుకున్న మనిషి ఒకరు మంచం పక్కన కూర్చుని మాదిగామె చెయ్యి పట్టుకున్నారు. మాత్ర మింగకముందే పనిచేసిన మందు అది. తలమీద చేతులుంచి ప్రార్థన చేయడానికి మావాళ్లు అంత విలువ ఎందుకిస్తారో దీంతో అర్థం చేసుకోవాలి. అంటరాని ఒంటికి అంటడమే స్వస్థతలో మొదటి మెట్టు.

*

మా అవ్వ సాక్ష్యం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏ సంఘమన్నది ఇక్కడ అవసరం లేదు, అన్ని చోట్లా ఇట్లాగే ఉంటుంది. 'నేను పాపిని. చేతులు వణికేవి. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అయ్యగారు చేతులుంచి పార్థన జేసినారు. పెబువు ముట్టినాడు. వణుకు పోయింది. స్తోత్రం.' ఇంతే. అందరూ స్తోత్రం అనేవాళ్లు. అవ్వ కూర్చునేది.

చేతులు ఎందుకు వణికేవి? ఇది గుళ్లో ఎవరూ అడగలేదు. ఇంట్లో శెనక్కాయలు ఒలుస్తా ఒకసారి తనే చెప్పింది. ఒక ఎండాకాలం పల్లె బాయి అడుగంటింది. ఊరోళ్ల బాయి కాడ కుండ పెట్టుకుని, ఎవరన్నా నీళ్లు పోస్తారేమో అని నిలబడింది. పొద్దు నెత్తిమీదికొచ్చినా ఎవరూ పొయ్యలేదు. ఇంట్లో జొరంతో బిడ్డ. ఇంక తనే చేద వేసింది. కుండ పగలగొట్టినారు. జుట్టు పట్టుకుని గట్టు మీంచి ఈడ్చినారు. బాయి శుద్ధి చేయించిన ఖర్చు మా తాత కూలిలో పట్టుకున్నారు. వణుకు ఆ రాత్రి మొదలైంది.

'అవ్వా, ఇది గుళ్లో ఎందుకు చెప్పవు?' అనడిగాను.

'అది సాచ్చికం గాదు గదరా అబ్బోడా, అది జరిగిండేది' అనింది.

సాహిత్య విమర్శలో నేను చదివిన చాలా పుస్తకాలకంటే ఈ మాట నాకు ఎక్కువ నేర్పింది. సాక్ష్యం వేరు, జరిగింది వేరు అని ఆమెకు తెలుసు. ఆ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ప్రక్రియే నేర్పింది. పాపం, రోగం, ప్రార్థన, స్వస్థత అనే నాలుగు మెట్ల మీద నడిచే ఆ ప్రక్రియలో 'నేను చేశాను' అనడానికి చోటుంది, 'నాకు చేశారు' అనడానికి చోటు లేదు. కొట్టినవాడి పాపం ఏ ఆదివారమూ లెక్కకు రాలేదు. దెబ్బ తిన్న మనిషే లేచి నేను పాపిని అంది.

ఇంకో సంగతి కూడా సాక్ష్యంలో లేదు. వణుకు పోయింది నిజమే, మళ్లీ వచ్చింది కూడా నిజమే. ఆ బాయి పక్క దోవన పోవాల్సి వస్తే వచ్చేది. ఊళ్లో ఎవరన్నా గట్టిగా కసిరితే వచ్చేది. బోర్లు పడి, బాయిని చెత్తతో పూడ్చేసినాక కూడా వచ్చేది. వచ్చినప్పుడల్లా మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకునేది. విశ్వాసం చాలక మళ్లీ వచ్చిందని సంఘంలో గుసగుసలు పోయేవాళ్లు. అవ్వ పట్టించుకునేది కాదు. 'నిన్న దిన్న కూడు ఈ పొద్దుకు జాలతాదా? పార్థన గూడా అంతే' అనేది.

స్వస్థత కూడికల పోస్టర్లు ఒక్క రాత్రిలో అంతా అయిపోతుందంటాయి. అవ్వ దాన్ని రోజువారీ కూడుతో పోల్చింది. ఆరోగ్యవరం మంచాల మీద పడుకున్న క్షయ రోగులకు ఈ మాట వెంటనే అర్థమయ్యేది. స్ట్రెప్టోమైసిన్ రాకముందు గాలి, తిండి, విశ్రాంతితో నెలలు, ఏళ్లు అక్కడే గడిపేవాళ్లు. మందులొచ్చాక కూడా నెలల తరబడి పూట తప్పకుండా మింగాలి, మధ్యలో మానేస్తే రోగం మొండికేస్తుంది. ఊపిరితిత్తి పుండుకు ఇంత ఓపిక పట్టిన క్రైస్తవం, కులం చేసిన పుండుకు ఒక్క పూట సాక్ష్యం చాలని ఎట్లా అనుకుంది? ఒంటికో న్యాయం, మనసుకో న్యాయమా?

*

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం. తెలుగు బైబిలు మావాళ్లకు చాలా మాటలిచ్చింది. రక్షణ, విడుదల, ఆదరణ, నెమ్మది. వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది 'సమాధానం'. శాంతి అనాల్సిన చోట తెలుగు బైబిలు సమాధానం అంటుంది. బయట అదే మాటకు జవాబు అని అర్థం. బడిలో ప్రశ్నలు, సమాధానాలు అంటాం. అనువాదం చేసినవాళ్లు ఏం తలచుకున్నారో గానీ, మావాళ్ల చెవిన పడేసరికి రెండు అర్థాలూ ఒక్కటయ్యాయి. జవాబు దొరకని మనిషికి శాంతి ఎక్కడిది? 'నా కుండ ఎందుకు పగలగొట్టినారు' అనే ప్రశ్నకు ఊరు సమాధానం చెప్పలేదు. సంఘం సమాధానం ఇస్తానంది గానీ ఆ ప్రశ్న వినలేదు.

పాటల సంగతీ ఇంతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పెద్ద పేరు పురుషోత్తమ చౌధరిది. 1803లో పుట్టి 1890లో పోయాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడై, రాగాలు తాళాలు కట్టి కీర్తనలు రాశాడు. ఆయన కన్నీళ్లు అబద్ధం కాదు. అయితే అవి తన లోపలి పాపం చూసి కార్చిన కన్నీళ్లు. పై కులంలో పుట్టినవాడికి అహంకారం వదిలించుకోవడమే మారుమనస్సు కావచ్చు. పుట్టినప్పటినుంచీ తలొంచుకుని నడిచినవాడికి తల ఎత్తడమే మారుమనస్సు. ఈ తేడా తెలియకుండా ఒకే కీర్తన ఇద్దరితోనూ పాడించారు. మావాళ్లు ఆ కీర్తనను తమ గొంతుల్లోకి, తమ కంజీర దెబ్బలోకి దించుకుని పాడారు. రాగం మారిందని పండితుడు నవ్వాడు గానీ, ఏడుపు మారిందని కనుక్కోలేదు.

*

ఇక మన సాహిత్యం. జాషువాతోనే మొదలుపెట్టాలి. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అంటరానివాడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తనకు గుడి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. రాసినవాడు క్రైస్తవుడు. మరి క్రైస్తవ కవి కథానాయకుడు క్రీస్తుకు ఎందుకు కబురు పెట్టలేదు? నాకు తోచిన జవాబు ఇది. గోడు ఎవరిమీదో వాళ్ల దేవుడి దగ్గరే చెప్పాలని జాషువా అనుకున్నాడు. గాయానికి జవాబుదారీ ఎవరో ఆయనకు స్పష్టంగా తెలుసు. అదే జాషువాకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది 'క్రీస్తు చరిత్ర'. ఆదరించే దేవుడు ఒక కావ్యంలో, జవాబు చెప్పాల్సిన దేవుడు ఇంకో కావ్యంలో. రెండూ ఒకే మనిషి లోపల ఉన్నాయి, ఒకే పుస్తకంలో కలవలేదు. సగం సాక్ష్యాల చరిత్ర మన మహాకవి దగ్గరే మొదలైంది.

కారంచేడు తర్వాత సంగతి మారింది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. తరుముకొస్తుంటే పారిపోయిన జనం చీరాలలో చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు. ఆ శిబిరంలో రాత్రి ప్రార్థన జరిగింది, పగలు ఉద్యమం నడిచింది. ఒకే ఆవరణ, ఒకే జనం. ఊరూ రాత్రీ కలిసి ఉన్న చోటు అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. ఆ నెత్తురులోంచి వచ్చిన కవిత్వంలో శిలువ, మేకులు, ముళ్ల కిరీటం బలంగా వచ్చాయి. 1995లో వచ్చిన సతీష్ చందర్ 'పంచమవేదం', 'చిక్కనవుతున్న పాట' సంకలనం ఆ కాలం గుర్తులు. మద్దూరి నగేష్‌బాబు, కలేకూరి ప్రసాద్ మాటకు భయమంటూ మిగల్లేదు. ఊరు పేరు, కులం పేరు, చంపినవాడి పేరు కవిత్వంలోకి తెచ్చిన ఘనత వీళ్లది. నా అభ్యంతరం ఒక్కటే. ఆ కవిత్వం శిలువను తీసుకుంది, సమాధి తెల్లవారుజామును తీసుకోలేదు. సమాధి దగ్గరికి చీకటితో పోయిన ఆడవాళ్లను తీసుకోలేదు. చచ్చినవాడికి ఎలుగెత్తి పాడాం. బతికి మిగిలినవాడు మర్నాడు ఎట్లా లేచాడో రాయలేదు. పోరాటకాలంలో దానికి తీరిక లేదంటే ఒప్పుకుంటాను. ఆ కాలం గడిచి ముప్పై ఏళ్లయింది.

కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. క్రైస్తవ దళితుల తరాల కథను అంత పెద్ద కాన్వాసు మీద తెలుగులో అంతకుముందు ఎవరూ చెప్పలేదు. శివయ్య సైమన్ అవుతాడు. పేరు మారినంత తేలిగ్గా బతుకు మారదు. ఈ నవలలో నాకు అన్నిటికంటే విలువైన మనిషి రూతు. కథంతా ఆమె జ్ఞాపకం మీద నడుస్తుంది. ఆమె గుర్తు చేసుకోవడమే ఒక రకం స్వస్థత. పోయినవాళ్లను పేరుపేరునా పిలిచి, వాళ్లు పడిన బాధకు వంశవృక్షం కడుతుంది. అయితే నవల చివరికొచ్చేసరికి బరువంతా విప్లవ రాజకీయం మీదికి పోయింది. తర్వాతి తరం దారి తేలిపోయింది గానీ, రూతు లోపల ఏం తేలిందో మనకు పూర్తిగా తెలియదు. రచయిత రాజకీయం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ ముసలామె పక్కన ఇంకాసేపు కూర్చుంటే బాగుండేదని నా ఆశ.

అట్లా కూర్చున్న రచయిత్రి వినోదిని. 'తప్పిపోయిన కుమార్తె' కథలో ఆమె లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని తిరగేసింది. చదువుకునే దళిత క్రైస్తవ పిల్లకు తన ఇల్లు, తన తిండి, తన అమ్మానాన్నల తీరు సిగ్గనిపిస్తాయి. బ్రాహ్మణ స్నేహితురాలి ఇల్లు స్వర్గంలా కనిపిస్తుంది. ఆ స్వర్గంలోనే అవమానపడి, విరిగి, తన ఇంటికి తిరిగొస్తుంది. ఉపమానంలో కొడుకు ఆస్తి తగలేసి పాపినని ఏడుస్తాడు. ఇక్కడ కూతురు చేసిన పాపమేమీ లేదు. తనమీద తనకు రోత పుట్టించింది కులం. తిరిగి రావడమంటే ఆ రోతను కడుక్కోవడం. బైబిలు కథను, కులం గాయాన్ని, ఇంటి ప్రేమను ఒకే కథలో కలిపిన రచన ఇది. గుళ్లో చెప్పగలిగిన కథ, బహిరంగ సభలో కూడా చదవగలిగిన కథ. నేనడిగే నిండు సాక్ష్యానికి ఇది దగ్గరగా ఉంది. మా చిత్తూరు సీమ నుంచి మధురాంతకం రాజారాం, నామిని గొప్ప కథలు రాశారు. మా పల్లె ప్రార్థన గది లోపలి నుంచి చూసిన కథ మాత్రం నేను చదివినంతలో ఇంకా రాలేదు. అది మనం రాయాల్సిందే.

*

అంబేద్కర్ ఈ సమస్యను ముందే చూశాడు. క్రైస్తవుడైన అంటరానివాడి స్థితి గురించి ఆయన రాసింది చనిపోయాక, 1989లో ఆయన రచనల అయిదో సంపుటంలో వచ్చింది. మతం మారినా కులం వెంటే వచ్చిందన్నాడు. ఇంకా లోతైన మాట ఒకటన్నాడు. మనిషి పతనానికి అతని పాపమే కారణమని నేర్పితే, చుట్టూ ఉన్న సమాజాన్ని మార్చాలనే ఆలోచన ఆ మనిషికి రాదు. మా అవ్వ సాక్ష్యం చదివినట్టే రాశాడు ఆయన. కె. విల్సన్ 1982లో దళిత క్రైస్తవులు రెండుసార్లు పరాయివాళ్లయ్యారని ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. హిందూ సమాజమూ దూరం పెట్టింది, క్రైస్తవ పెద్దలూ దూరం పెట్టారు. అరవింద్ నిర్మల్ 1980ల్లో దళిత వేదాంతానికి పునాది వేసి, వేదనే మొదటి జ్ఞానమని, సిద్ధాంతం దాని వెనకాల రావాలని వాదించాడు.

అంబేద్కర్ విమర్శ నూటికి నూరుపాళ్లు నిలుస్తుంది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ మతమే అవ్వను ఊపిరితో ఉంచింది గదా. దాన్నేం చేద్దాం? పారేద్దామా? నా ఉద్దేశం, అయ్యగార్లు చెప్పిన బైబిలు వేరు, అందులో రాసి ఉన్నది వేరు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అనడిగారు. అచ్చం కర్మ సిద్ధాంతం ప్రశ్న. ఇతనూ కాదు, కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు. మా అవ్వను పాపివి అన్నవాళ్లు ఈ అధ్యాయం చదవలేదా? మార్కు సువార్తలో బేత్సయిదా గుడ్డివాడి కథ ఇంకొకటి. యేసు ఒకసారి చెయ్యి వేస్తే అతనికి చూపు పూర్తిగా రాలేదు. మనుషులు చెట్లలాగా కదులుతున్నట్టు కనిపించారు. రెండోసారి చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. దేవుడి కొడుక్కే రెండు విడతలు పట్టిన పని, మా పల్లెలో ఒక్క కూడికలో ఎట్లా అయిపోతుంది? అన్నిటికంటే పెద్ద సంగతి, తిరిగి లేచిన యేసు ఒంటిమీద గాయాలు అట్లాగే ఉన్నాయి. తోమా వేలు పెట్టి చూసుకోవాలనుకున్న గాయాలవి. చావును గెలిచినవాడు మచ్చల్ని తుడిచేసుకోలేదు. చూపించాడు. మేకులు ఎవరు కొట్టారో దాచలేదు. నిండు సాక్ష్యమంటే అది.

*

నిండు సాక్ష్యం చెప్పడానికి ఇంకో పెద్ద అడ్డంకి ఉంది. అది చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవుడైన దళితుడికి తెరవలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సి అన్నారు. ఫలితంగా మా పల్లెల్లో మనిషికి రెండు పేర్లు. సంఘం పుస్తకంలో ఒకటి, బడి సర్టిఫికెట్లో ఇంకొకటి. గుళ్లో లేచి నిజం చెప్పడం స్వస్థతకు మొదటి షరతు. ఆ నిజం ఆఫీసులో తెలిస్తే బిడ్డ చదువుకు, ఉద్యోగానికి, ఒంటిమీద దెబ్బకు పెట్టే కేసుకు ఎసరు. నోరు విప్పితేనే మానే గాయం, నోరు విప్పితే ఇంకో దెబ్బ. ఈ రెంటి మధ్య నలిగిన మనిషికి మనసు కుదుటపడేదెప్పుడు?

మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆది ద్రావిడ క్రైస్తవుడు ఈ ప్రశ్నను సుప్రీంకోర్టుకు తీసుకుపోయాడు. తోటి చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన బంకు తనకు రాలేదు, క్రైస్తవుడని. మతం మారాక కూడా కులం మిగిలిందంటే చాలదు, ఆ అణచివేత కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపాలని 1985లో కోర్టు చెప్పింది. చూడండి ఈ తమాషా. గాయం పోయిందని సాక్ష్యం చెప్పమంటుంది సంఘం. గాయం పోలేదని సాక్ష్యం తెమ్మంటుంది కోర్టు. ఇద్దరి మధ్యా ఆ చెప్పులు కుట్టే మనిషి నిలబడి ఉన్నాడు.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతాన్నీ హోదానీ విడదీయమంది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పిచ్చింది. అంటే కులం పేరు పెట్టి తిట్టినవాడికి అవతలివాడి కులం గుర్తుంటుంది, చట్టానికి మాత్రం గుర్తుండదు. సంఘాల్లోనూ అంతా చల్లగా లేదు. కర్నూలు బిషప్పుగా పనిచేసిన పూల ఆంథోనీ 2022 ఆగస్టులో దళితుల్లోంచి మొదటి కార్డినల్ అయ్యాడని సంతోషించాం. ఆ మాటకు అంత సంతోషించాల్సి రావడమే, అంతకుముందు ఎంత ఆలస్యమైందో చెప్తుంది.

*

ఇది చదివే విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక మాట. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయినప్పుడు దేశమంతా ఊరు గురించి మాట్లాడాం. అది మాట్లాడాల్సిందే. ఆ ఏప్రిల్ 14న అతని తల్లి రాధిక, తమ్ముడు బౌద్ధం తీసుకున్నారు. పోరాటం మధ్యలో ఒక తల్లి ఆదరణ కూడా వెతుక్కుంది. దాన్ని రాజకీయ ప్రకటనగానే చదివి ఊరుకోవద్దు. దారి ఏదైనా, క్రీస్తు గానీ బుద్ధుడు గానీ, గాయపడ్డ మనిషికి రోజూ కూర్చునే చోటు ఒకటి కావాలి. పక్కన కూర్చునే మనిషి కావాలి. అది బలహీనత కాదు. హాస్టల్ గదిలో ఎవరైనా వారం రోజులుగా మెస్సుకు రాకపోతే, సభకు పిలిచే ముందు తలుపు తట్టి పక్కన కూర్చోండి.

మన పల్లెలకు పోయినప్పుడు ముసలివాళ్ల సాక్ష్యాలు రాసుకోండి, టేపులోకి ఎత్తుకోండి. పేర్లు బయటపెడితే వాళ్లకు నష్టమైతే పేర్లు తీసెయ్యండి, జరిగింది తియ్యొద్దు. దేవుడి సంగతి వచ్చిందని కత్తిరించొద్దు, కులం సంగతి వచ్చిందని కత్తిరించొద్దు. మళ్లీమళ్లీ చెప్తే మళ్లీమళ్లీ రాయండి. ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా బయటపడుతుంది. సంఘాల్లో ఉన్న మన అయ్యగార్లను నేను అడిగేది కూడా ఇదే. సాక్ష్యం చెప్పేవాళ్లను 'వణుకు పోయిందా' అని అడిగే ముందు 'ఎందుకొచ్చింది తల్లీ' అని అడగండి. జవాబు వినడానికి ఆదివారం ఒక గంట ఎక్కువ పడితే పట్టనియ్యండి.